పాత జిప్సీ: ఏది కొనాలి, ఏది మార్చాలి, దేన్ని ముట్టకూడదు

సాఫ్ట్‌టాప్ మారుతి జిప్సీ ఖాళీ బరువు 985 కిలోలు. ఈ ఒక్క అంకెను పక్కన పెట్టుకుంటే ఈ బండి విషయంలో సగం సందేహాలు తీరిపోతాయి. 80 గుర్రాల ఇంజిన్‌తో, రెండు ఇరుసుల్లోనూ లాక్ లేని మామూలు డిఫరెన్షియళ్లతో (ఇరుసు మధ్యలో రెండు చక్రాలకూ బలం పంచే గేర్లు) ఇది బురదలోంచి, ఇసుకలోంచి బయటపడేది తేలిగ్గా ఉండబట్టే. ఇనుప బంపర్, రూఫ్ క్యారియర్, పెద్ద వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), 31 అంగుళాల టైర్లు వరసగా బిగించి, ఆపైన బండి లాగడం లేదని ఇంజిన్ మార్పించేవాళ్లు చాలామంది. ఇక్కడ ప్రతి మార్పునీ రెండు ప్రశ్నలతో తూచాం: ఎన్ని కిలోలు పెంచుతుంది, గేరు నిష్పత్తిని ఏం చేస్తుంది?

మూడు రకాల్లో ఏది?

1985 చివర్లో వచ్చిన ఎంజీ410లో 970 సీసీ కార్బ్యురేటర్ ఇంజిన్, నాలుగు గేర్లు, సుమారు 45 గుర్రాల శక్తి. 1993లో ఇదే బండి చక్రాల మధ్య వెడల్పును 90 మిల్లీమీటర్లు పెంచి ఎంజీ410డబ్ల్యూగా తెచ్చారు. ముందు 1300, వెనక 1310 మిల్లీమీటర్లు అయింది. 1996లో జిప్సీ కింగ్, అంటే ఎంజీ413డబ్ల్యూ: 1298 సీసీ, కార్బ్యురేటర్, 60 గుర్రాలు, ఐదు గేర్లు. 2000లో అదే ఇంజిన్‌కు 16 వాల్వులు, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఎలక్ట్రానిక్‌గా పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చి 80 గుర్రాలు, 103 న్యూటన్ మీటర్ల టార్క్ అయింది. ఆఖరి బండ్లు 2019 ప్రాంతంలో ఆగిపోయాయి.

వారాంతాల్లో అడవి దారులు, మధ్యలో హైవే ప్రయాణం ఉన్నవాళ్లు ఎంపీఎఫ్ఐ తప్ప వేరేది చూడక్కర్లేదు. అరకు ఘాట్ లాంటి ఎత్తుల్లో కార్బ్యురేటర్ బండికి గాలి, పెట్రోలు పాళ్లు చెడతాయి, ఎంపీఎఫ్ఐ తనంతట తాను సర్దుకుంటుంది. ఏటవాలులో బాగా ఒరిగి నిలబడినప్పుడు కూడా కార్బ్యురేటర్ ఫ్లోట్ గదిలో పెట్రోలు ఒక పక్కకు చేరి ఇంజిన్ ఆగిపోతుంది. సరిగ్గా ఆగకూడని చోటే.

కార్బ్యురేటర్ కింగ్‌ను తక్కువ చేయనక్కర్లేదు. సెన్సర్లు లేవు, వైరింగ్ తక్కువ, ఊళ్లో మెకానిక్ విప్పి కడిగి బిగించగలడు. ధరలో తేడా బాగా ఉండి, బాడీ గట్టిగా ఉంటే తీసుకోవచ్చు. 1993కు ముందరి ఇరుకు ఎంజీ410 మాత్రం పాత బండి మీద మోజున్నవాళ్లకే. దాన్ని ఎత్తు పెంచే ఆలోచన అసలే వద్దు, ఆ వెడల్పుకు పక్క వాలులో పడిపోతుంది.

ఆర్మీ వేలంలో వచ్చిన బండ్ల సంగతి వేరు. కిలోమీటర్లు తక్కువే ఉండొచ్చు గానీ ఏళ్ల తరబడి ఎండలో నిలబడి రబ్బరు భాగాలన్నీ ఎండిపోయి ఉంటాయి. హోస్ పైపులు, బుష్‌లు, ఆయిల్ సీళ్లు, బ్రేకు రబ్బర్లు అన్నీ మార్చే ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే. మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఇదే చెబుతుంది. ఆ రంగు అందంగా ఉందని ఉంచేసుకోవడం కుదరదు.

ఢిల్లీ బండి చవగ్గా దొరుకుతుంది. 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద అక్కడున్న ఆంక్షలే అందుకు కారణం. ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు కట్టకండి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఖర్చు కూడా కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో చూసుకోండి.

ఇంజిన్ పాతదైనా పర్లేదు, బాడీ కుళ్లితే వద్దు

రెండు బండ్లు ఎదురుగా ఉన్నాయి. ఒకటి ఇంజిన్ పొగ కక్కుతోంది, చాసిస్ శుభ్రంగా ఉంది. రెండోది ఇంజిన్ సూదిలా నడుస్తోంది, కింద తుప్పు. మొదటిదే కొనండి. 1.3 ఇంజిన్ బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయడం పట్టణాల్లో మంచి లేత్ షాపు ఎవరైనా చేస్తారు. ఎస్టీమ్‌లో వాడింది కూడా ఇదే కుటుంబం ఇంజిన్ కాబట్టి పనితనం తెలిసినవాళ్లూ ఉన్నారు. కుళ్లిన బాడీకి టింకరింగ్ చేయిస్తే రెండు వానాకాలాలకు మళ్లీ మొదటికొస్తుంది.

చూడాల్సిన చోట్లు: డ్రైవరు కాళ్ల కింద మ్యాట్ ఎత్తి నేల రేకు, బాడీని చాసిస్‌కు బిగించే రబ్బరు మౌంట్ల చుట్టూ, ముందు అద్దం ఫ్రేము కింది మూలలు, వెనక తలుపు అడుగు, చాసిస్‌లో వెనక షాకిల్ (కమాన్ కట్ట కొసను పట్టి ఊగే లంకె) బిగించే చోటు. చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది, డబ్బుమని మూగగా మోగితే లోపల పొరలు లేచాయి. అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద జరపండి. అంటుకోని చోట రంగు కింద పుట్టీ దట్టంగా ఉన్నట్టు. చాసిస్‌కు కొత్తగా కొట్టిన నల్లరంగు ఏదో దాస్తోందనే అనుకుని చూడండి.

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న మాట నమ్మకుండా కొన్న వారంలోనే మార్చేయండి. దాంతోపాటు వాటర్ పంపు, టెన్షనర్ కూడా. మళ్లీ అదంతా విప్పే కూలి దండగ. అల్యూమినియం హెడ్ ఒకసారి అతిగా వేడెక్కితే వంగొచ్చు. రేడియేటర్ మూత తీసి చూసినప్పుడు నూనె తెట్టు కనిపిస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టే బేరం ఆడండి.

ఏ మార్పుకైనా ముందు ముందరి ఇరుసు

గంటకు అరవై, డెబ్బై దగ్గర స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటే చాలామంది చేసే పని స్టీరింగ్ డ్యాంపర్ కొత్తది వేయడం. వణుకు కొన్నాళ్లు అణుగుతుంది, లోపలి అరుగుదల అలాగే ఉంటుంది. కారణం ఎక్కువసార్లు కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే కీలు) బేరింగులు. పక్కకు రెండు చొప్పున మొత్తం నాలుగు.

పరీక్ష సులువు. ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట మాయమైతే అది వీల్ బేరింగ్. బ్రేకు తొక్కినా ఆట ఉంటే కింగ్ పిన్. పక్కలు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట ఉంటే టై రాడ్ ఎండ్లు చూడండి.

బేరింగులు మార్చాక షిమ్‌లతో (పల్చటి రేకు బిళ్లలతో) బిగువు సరిచేయాలి, దాదాపు ప్రతి చోటా తప్పు జరిగేది ఇక్కడే. నకిల్ (ఇరుసు చివర చక్రాన్ని మోస్తూ తిరిగే భాగం) ఆయిల్ సీల్ వేయకముందు, టై రాడ్ విప్పి ఉంచి, ఆ రాడ్ బిగించే రంధ్రానికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగండి. నకిల్ కదలడం మొదలయ్యేటప్పుడు త్రాసు 1 నుంచి 1.8 కిలోల మధ్య చూపాలి. తక్కువ చూపితే షిమ్ తగ్గించాలి, ఎక్కువ చూపితే చేర్చాలి. చేతి అంచనాతో బిగించిన బండికి ఆరు నెలల్లో వణుకు తిరిగొస్తుంది.

నకిల్ బంతి కింద నల్లగా, పల్చగా కారుతుంటే అది గ్రీజు ఒక్కటే కాదు. లోపలి ఇరుసు సీల్ పోయి డిఫరెన్షియల్ ఆయిల్ గ్రీజులో కలుస్తోంది. సీల్ మార్చే ముందు ఇరుసు మీది బ్రీతర్ (లోపలి గాలి ఆడే చిన్న మూత) చూడండి. అందులో మట్టి పూడుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలునూ తోసేస్తుంది.

ఆయిల్ కొలతలు: ముందు డిఫరెన్షియల్ 2 లీటర్లు, వెనకది 1.5, గేర్‌బాక్స్ 1.3, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఫోర్ వీల్, హై, లో గేర్లు మార్చే పెట్టె) 0.8. డిఫరెన్షియళ్లకు జీఎల్-5 రకం ఆయిల్, గేర్‌బాక్స్‌కు జీఎల్-4. అన్నిటికీ ఒకటే డబ్బా అని జీఎల్-5 పోస్తే సింక్రో రింగుల ఇత్తడి దెబ్బతినొచ్చు. ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. వాటిలో ఒకటి చిరిగినా కింద నుంచి గుర్రుమనే శబ్దం వస్తుంది, లోడు పడగానే లో గేరు ఎగిరి బయటకొస్తుంది. గేరు పాడైందనుకుని కేసు విప్పించే ముందు మౌంట్లు చూడండి.

కమాన్ కట్టలు: నాలుగు దారులు

జిప్సీ కుదుపుడు పేరుమోసింది. అందులో కొంత బండి నైజం, మిగతాది పట్టీల మధ్య పేరుకున్న తుప్పు. కాబట్టి మొదటి దారి, అన్నిటికంటే చవకైనది: ఉన్న కట్టలే విప్పి, పట్టీలు విడదీసి, బ్రష్‌తో తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి, షాకిల్ బుష్‌లన్నీ కొత్తవి వేసి బిగించడం. కొత్త షాకబ్జర్లు తోడైతే చాలామందికి ఇక్కడితో సరిపోతుంది. యూ-బోల్టులు మాత్రం పాతవి వాడొద్దు. ఒకసారి సాగిన మర మళ్లీ సరైన బిగువు పట్టదు. బిగించాక 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి మళ్లీ పాన వేయండి.

మెత్తదనం కోసం వెనక కట్టలోంచి ఒక పట్టీ తీసేయడం ఆటోనగర్లలో ఎప్పటినుంచో ఉన్న చిట్కా. ఇద్దరే ఎక్కే సాఫ్ట్‌టాప్‌కు పనిచేస్తుంది. వెనక నలుగురిని, సామాన్లను ఎక్కించే బండికి చేస్తే కట్ట అడుగంటుతుంది, ఎత్తుపల్లాల్లో ఇరుసు మెలితిరుగుతుంది.

రెండో దారి పొడవు షాకిళ్లు. షాకిల్ 2 అంగుళాలు పెంచితే బండి లేచేది ఒక అంగుళమే, కట్ట ఒక చివరే కిందికి దిగుతుంది కాబట్టి. జిప్సీలో ముందు షాకిల్ కట్టకు ముందు కొసన ఉంటుంది. అది పొడవైతే ఇరుసు పైభాగం ముందుకు ఒరిగి క్యాస్టర్ (చక్రం తిరిగే కీలు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. ఫలితంగా హైవేలో బండి తిన్నగా పోదు, స్టీరింగ్ తిప్పాక దానంతటది వెనక్కి రాదు. ఈ దారి ఎంచుకుంటే కట్టకూ ఇరుసుకూ మధ్య 2, 3 డిగ్రీల వెడ్జ్ వేయించడం తప్పనిసరి. అది చెప్పకుండా షాకిళ్లు మాత్రమే అమ్మే దుకాణం నుంచి లేచి వచ్చేయండి.

మూడోది పారాబోలిక్ కట్టలు, లేదా తెలిసినవాళ్ల చేత వంపు పెట్టించిన కొత్త కట్టలు. పారాబోలిక్‌లో పట్టీలు తక్కువ, ఒకదానికొకటి రాసుకోవు. బరువు తగ్గుతుంది, చక్రం కింద పల్లానికి దిగేదీ ఎక్కువ. ఖర్చు ఎక్కువే అయినా, జేబులో డబ్బుంటే ఈ బండికి మా ఓటు దీనికే. పాత పట్టీలనే కొట్టించి వంపు పెంచడం వేరే సంగతి. సరిగ్గా వేడిచేసి చల్లార్చకపోతే కొన్ని నెలల్లో మళ్లీ కూర్చుంటాయి.

నాలుగోది, కంపెనీ ఇరుసు కింద బిగించిన కట్టను ఇరుసు పైకి మార్చడం. ఒక్కసారిగా 5 అంగుళాల దాకా లేస్తుంది. ఫోటోల్లో బ్రహ్మాండం. కానీ స్టీరింగ్ డ్రాగ్ లింక్ కోణం చెడుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టులు నిటారై వణుకు పుడుతుంది, బ్రేకు హోసులు చాలవు, గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కినప్పుడు ఇరుసు చుట్టుకుంటూ కట్ట ఎస్ ఆకారంలో వంగుతుంది. ఇవన్నీ సరిచేయడానికి స్టీరింగ్ కొత్తగా కట్టాలి, ట్రాక్షన్ బార్ వేయాలి. 1300 మిల్లీమీటర్ల వెడల్పు బండిని అంత ఎత్తు లేపితే పక్క వాలులో నమ్మకం పోతుంది. పోటీల కోసమే ఉంచిన బండికి తప్ప వద్దు.

టైర్లు: లెక్క ఇదీ

కంపెనీ రేడియల్ సైజు 205/70 ఆర్15 వ్యాసం 668 మిల్లీమీటర్లు. దాంతో పోలిస్తే:

215/75 ఆర్15: 703 మి.మీ. ఇరుసు కింద ఎత్తు 18 మి.మీ. పెరుగుతుంది. గేరు 5 శాతం బరువెక్కుతుంది, అంటే ఇంజిన్‌కు అంత ఎక్కువ భారం. 5.5 అంగుళాల రిమ్‌కే సరిపోతుంది.

235/75 ఆర్15: 733 మి.మీ. ఎత్తు 33 మి.మీ. ఎక్కువ. గేరు 10 శాతం బరువు. కనీసం 6 అంగుళాల రిమ్ కావాలి.

31x10.5 ఆర్15: 787 మి.మీ. ఎత్తు 60 మి.మీ. ఎక్కువ. గేరు 18 శాతం బరువు. 7 అంగుళాల రిమ్, ఫెండర్ కోత, ఎత్తు పెంచడం అన్నీ కావాలి.

కట్టలతో బండిని ఎంత ఎత్తు లేపినా డిఫరెన్షియల్ గుండు నేలకు ఉన్న దూరం మారదు, దాన్ని పెంచేది టైరు ఒక్కటే. అందుకని పెద్ద టైరు మీద ఆశ సహజమే. అయినా 31 వేసిన జిప్సీలో ముందు చక్రాల సీవీ జాయింట్లు పట్లుమంటాయి, ముఖ్యంగా స్టీరింగ్ చివరి దాకా తిప్పి రివర్స్‌లో గ్యాస్ ఇచ్చినప్పుడు. స్టెప్నీ వేలాడేది వెనక తలుపుకే కాబట్టి ఆ బరువుకు కీళ్ల దగ్గర రేకు చీలుతుంది.

సగం రోడ్డు, సగం కొండదారి అయితే 215/75 ఆల్ టెరైన్ చాలు. దీనికోసం ఇంకేదీ మార్చక్కర్లేదు. వానల్లో నల్లరేగడి పొలాల మధ్య తిరిగేవాళ్లకు ఆల్ టెరైన్ పనికిరాదు. ఆ మట్టి గాట్లలో కూరుకుని నాలుగు తిప్పుళ్లకే టైరు నున్నటి రోలర్ అవుతుంది. మడ్ టెరైన్ గాట్లు వెడల్పు, చక్రం వేగంగా తిప్పితే మట్టి విదిలించుకుంటాయి. అదీ సన్నని టైరే మేలు, మెత్తటి పై పొరను కోసుకుని గట్టి నేల అందుకుంటుంది. సముద్రతీరం ఇసుకలో దీనికి తిరగేసిన లెక్క: వెడల్పు కావాలి, కానీ దానికి కొత్త టైరు కొనక్కర్లేదు, గాలి 15 పీఎస్ఐకి దించితే చాలు. 12 కంటే దిగితే మలుపులో టైరు రిమ్ వదిలేస్తుంది. తారు రోడ్డెక్కే ముందు గాలి నింపడానికి చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి. 235 వేశాక మీటరు 80 చూపినప్పుడు మునుపటి లెక్కన 88కి దగ్గరగా పోతున్నట్టు.

గేరు నిష్పత్తి: డబ్బు పెట్టాల్సిన చోటు

కింగ్‌లో మొదటి గేరు 3.652, ట్రాన్స్‌ఫర్ కేస్ లో గేరు 2.268, డిఫరెన్షియల్ 3.909. మూడూ గుణిస్తే సుమారు 32. రాళ్ల దారిలో నెమ్మదిగా పాకడానికి ఇది అంతంతమాత్రం. 235 టైరు వేస్తే 29కి, 31 వేస్తే 27కి పడిపోతుంది. బండి లాగట్లేదన్న ఫిర్యాదు పుట్టేది ఇక్కడే. మనవాళ్లు నింద మోపేది ఇంజిన్ మీద.

ఎస్‌జే410 (పాత ఎంజీ410కి మూలమైన సుజుకీ బండి) రకం ట్రాన్స్‌ఫర్ కేస్‌లో హై 1.580, లో 2.511. కింగ్ హై 1.409. ఆ గేర్లు వేస్తే లో 10.7 శాతం, హై 12 శాతం తేలికవుతాయి. 235 టైరు తెచ్చిన 10 శాతం బరువు దాదాపు అంతా తీరిపోయి మొత్తం మళ్లీ 32 దాటుతుంది. పాత 410 ముక్కల్లోంచి తెచ్చేటప్పుడు పళ్లు లెక్కపెట్టి నిష్పత్తి సరిచూసుకోండి. 215 టైరుకు ట్రాన్స్‌ఫర్ కేస్ ముట్టకుండా 4.11 క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్‌లోని గేర్ల జత) కూడా ఒక దారే, 5 శాతం తగ్గిస్తుంది. అయితే ముందు, వెనక రెండూ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒక్క వెనకది మార్చి ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ పళ్లు రాలతాయి. షాఫ్టుల స్ప్లైన్ల సంఖ్య కూడా కలవాలి. విదేశాల్లో సమురాయ్‌ల (జిప్సీ తరహా సుజుకీ బండ్లు) కోసం చేసే 4.16 లో గేర్ల సెట్టు వేస్తే మొత్తం 59కి చేరుతుంది. దిగుమతి ఖర్చు భరించేవాళ్లకు రాళ్ల దారిలో ఇంతకు మించిన మార్పు లేదు.

డీజిల్ ఇంజిన్ పెట్టించడం గురించి అడిగేవాళ్లు చాలామంది. మైలేజీ పెరుగుతుంది, నిజమే. ముందు ఇరుసు మీద బరువూ పెరుగుతుంది, వైరింగ్ గందరగోళం, ఆర్‌సీలో ఇంధనం మారాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆర్‌టీఏ అనుమతి లేకుండా ఇంజిన్ మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో వాదన మొదలవుతుంది. టైరు సైజు విషయంలోనూ ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు కంపెనీ సైజు సెట్టు ఒకటి ఉంచుకోవడం మంచిది.

వించ్, లాకర్, స్నార్కెల్

వించ్‌కు లెక్క: బండి నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు. జిప్సీ నిండు బరువు 1600 కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి 2400 కిలోలు లాగేది చాలు, అంటే 6000 పౌండ్ల రకం. 9500 పౌండ్లది పెద్ద బండ్ల కోసం చేసింది. సింథటిక్ తాడు వేస్తే ముక్కు మీద ఇంకొన్ని కిలోలు తగ్గుతాయి. పూర్తి లోడులో 300 ఆంపియర్లు దాటి లాగుతుంది, పాత బ్యాటరీతో ఆశలు పెట్టుకోవద్దు. పెద్ద ఇనుప క్రాష్ గార్డులు 2017 డిసెంబరు నుంచి కేంద్రం ఆదేశాల ప్రకారం చెల్లవు. బండ్లు రెండు కలిసి వెళ్లే అలవాటుంటే వించ్ మానేసి, చాసిస్‌కు బిగించిన రెండు గట్టి రికవరీ కొక్కేలు, సాగే తాడు, పార పెట్టుకోండి. మొత్తం పది కిలోలు దాటదు.

డిఫరెన్షియల్ వెల్డింగ్ చవక లాకర్ (ఇరుసు రెండు చక్రాలూ కలిసే తిరిగేలా చేసేది). తారు మీద ప్రతి మలుపులో టైరు ఈడ్చుకుంటూ, ఏదో ఒకరోజు షాఫ్టు విరుస్తుంది. వెనక ఎయిర్ లాకర్ మంచిది, ఖరీదైనది. అది కొనేలోపు, ఒక చక్రం గాలిలో తిరుగుతున్నప్పుడు గ్యాస్ ఇస్తూనే బ్రేకు కాస్త నొక్కి పట్టడం అలవాటు చేసుకోండి. తిరిగే చక్రానికి అడ్డం పడి అవతలిదానికి బలం వెళ్తుంది.

స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి తెచ్చే గొట్టం) కంటే ముందు రెండు ఇరుసులు, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ బ్రీతర్లకు పైపులు వేసి ఇంజిన్ గదిలో పైకి తేవాలి. వేడెక్కిన ఇరుసు చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుని బ్రీతర్ ద్వారా నీళ్లు పీలుస్తుంది. వాగు దాటిన మర్నాడు డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి చూడండి. మజ్జిగలా తెల్లగా వస్తే ఆ ఆయిల్ అదే రోజు మార్చాలి.